మూగజీవాల నొప్పి: వాత పెట్టి సూది వేయడం సమ్మిళిత వైద్యం కాదు

ఎద్దు కుంటితే మొదట వాత, మర్నాడు సూది. గేదె పొదుగు వాస్తే ఒకవైపు పసరు, మరొకవైపు మందుల దుకాణంలో అడిగి తెచ్చిన మనుషుల నొప్పి మాత్ర. ఇంటి కుక్క లేవలేకపోతే పగలు పారాసెటమాల్, రాత్రి కర్పూర తైలం. ఉదయగిరి నుండి ఆత్మకూరు దాకా నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో మూగజీవాల నొప్పికి తరచుగా జరిగే చికిత్స ఇదే. ఇప్పుడు దీనికి ఒక గౌరవప్రదమైన పేరు కూడా దొరికింది: సమ్మిళిత వైద్యం. ఇంగ్లీషు మందూ వాడుతున్నాం, నాటుమందూ వాడుతున్నాం, రెండింటి మేలూ కలిసి వస్తుంది కదా అని చదువుకున్నవారు సైతం సమర్థించుకుంటున్నారు.

ఆ సమర్థనను ఖండించడానికే ఈ వ్యాసం. రెండు వైద్యాలను కలపడానికి నేను వ్యతిరేకిని కాను. కలపడమంటే రెండింటినీ ఒకే పరీక్షకు నిలబెట్టడం అని నా వాదన. ఈ మందు ఏ జబ్బుకు? ఎంత మోతాదులో? దాని వల్ల కలిగే హాని ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేని చికిత్స ఏ సంప్రదాయం నుండి వచ్చినా దాన్ని పశువు ఒంటిమీద ప్రయోగించే అధికారం మనకు లేదు. జవాబు లేని రెండు చికిత్సలను కలిపితే ఒక మంచి చికిత్స కాదు. రెండు తప్పులు ఒకే శరీరం మీద పడతాయి, అంతే.

నేను మనుషుల వైద్యుణ్ణి, పశువైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయంలో నోరు మెదపకుండా ఉండలేను. పశువులకు హాని చేస్తున్న మందుల్లో అనేకం మనుషుల కోసం తయారైనవే. ఆ హాని తిరిగి మనుషుల మీదికే ఎలా వస్తుందో కూడా ముందు ముందు చూస్తారు.

నొప్పి ఒక కబురు

నొప్పిని గ్రహించే నరాలు, దాన్ని మెదడుకు చేర్చే వెన్నుపాము మనకు ఉన్నట్టే ఎద్దుకూ, గొర్రెకూ, పిల్లికీ ఉన్నాయి. తేడా అంతా చెప్పుకోవడంలోనే. పులి కంటపడే భయంతో యుగాలు గడిపిన గడ్డి మేసే జంతువు తన బలహీనతను దాచుకోవడం నేర్చుకుంది. మన నెల్లూరు గొర్రెనే చూడండి. పల్ల అయినా, జోడిపి అయినా, దోర అయినా, దేశంలో ఎత్తైన గొర్రె జాతిగా పేరు పొందిన ఈ జీవి కాలు విరిగినా పెద్దగా అరవదు. మందకు కొంచెం వెనకబడుతుంది, చెవులు వాల్చుతుంది, మేత దగ్గర తల తిప్పుకుంటుంది. కాపరి చూసి తెలుసుకోవలసిందే.

ఇది కేవలం కాపరి అనుభవం కాదు. గొర్రె ముఖకవళికలను బట్టి నొప్పిని కొలిచే పద్ధతిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించారు. పిల్లులకు అటువంటి కొలమానాన్నే మాంట్రియల్ పరిశోధకులు 2019లో రూపొందించారు. చెవుల స్థానం, కన్నుల ముడత, మూతి బిగువు, మీసాల తీరు, తల దించడం వంటి గుర్తులకు అంకెలు వేసి, ఎప్పుడు నొప్పి మందు అవసరమో నిర్ణయించవచ్చు. పళ్ళు కొరుకుతున్న ఆవు, నెమరు వేయడం మానిన ఎద్దు, గోడ ఎక్కడం మానిన పిల్లి, పిలిస్తే లేవని ముసలి కుక్క, ఇవన్నీ నొప్పితో ఉన్నట్టు అనుమానించవలసినవే. "వయసు మీద పడింది" అని కొట్టిపారేయడం తప్పు. ముసలితనం జబ్బు కాదు. ముసలితనంలో వచ్చే కీళ్ళ అరుగుదల జబ్బు.

అయితే నొప్పి ఉందని తెలిసిన వెంటనే దాన్ని అణచివేయాలని తొందరపడటం రెండో తప్పు. నొప్పి లోపల జరుగుతున్నదాన్ని తెలిపే కబురు. కబురు తెచ్చినవాడి నోరు మూస్తే కబురు అబద్ధం కాదు. ఎద్దు కుంటుతోంది అన్న ఒక్క మాట వెనుక ఎన్ని కారణాలు ఉండవచ్చో చూడండి: గిట్టలో దిగిన ముల్లు, పగిలిన గిట్ట, గాలికుంటు పుండు, బెణుకు, ఎముక విరగడం, కీళ్ళ అరుగుదల, జబ్బవాపు. వీటిలో ముల్లు తీస్తే పోతుంది. బెణుకు విశ్రాంతితో తగ్గుతుంది. జబ్బవాపు ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

జబ్బవాపు గురించి ఇంకొంచెం చెప్పాలి. బలంగా, పుష్టిగా ఉన్న పడుచు పశువుకే ఇది ఎక్కువగా వస్తుంది. అకస్మాత్తుగా కుంటు, జ్వరం, తొడలోనో జబ్బలోనో వాపు, ఆ వాపును నొక్కితే చిటపటమన్నట్టు చేతికి తెలియడం దీని గుర్తులు. కండలో పెరిగే సూక్ష్మక్రిమి దీనికి కారణం. తొలి గంటల్లో పెన్సిలిన్ పడితే కొన్ని పశువులైనా బతుకుతాయి. వానాకాలానికి ముందు టీకా వేయించి ఉంటే ఆ అవసరమే రాదు. ఆ విలువైన గంటలు వాత పెట్టడంలోనూ, మర్నాటి దాకా ఎదురుచూడటంలోనూ పోతే మిగిలేది కళేబరం. "వాత వేసినా బతకలేదు" అని ఆ ఇంట్లో విచారిస్తారు. నిజానికి వాత వల్ల గడిచిపోయిన సమయమే దాన్ని చంపింది.

రేబిస్ సంగతి ఇంతకంటే భయంకరం. పశువు అదే పనిగా బొంగురుగా అరుస్తుంది, చొంగ కారుస్తుంది, నీరు మింగలేదు, వెనక కాళ్ళు తడబడతాయి. గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని ఒకరు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. మరొకరు గొట్టంతో పసరు పోస్తారు. వేళ్ళ మీద చిన్న గీత ఉన్నా ఆ చొంగ ద్వారా రేబిస్ క్రిమి మనిషిలోకి ప్రవేశించవచ్చు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ నుండి మనిషి బతకడం దాదాపు అసంభవం. కనుక కారణం తెలియని చొంగ, మింగలేకపోవడం కనిపించినప్పుడు ఏ వైద్యమూ ఇంట్లో చేయకండి. అప్పటికే చెయ్యి పెట్టి ఉంటే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా విషయం తేల్చుకోండి. జబ్బు పేరు తెలియకుండా నొప్పికి మందు వేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

వాతకు జవాబు

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మన పెద్దలు వెక్కిరించారు. ఆ సామెతలో వాత నక్కకు చారలు ఇవ్వలేదు, కాలిన గాయమే ఇచ్చింది. ఎద్దు జబ్బ మీద పెట్టే వాత కూడా అంతే.

"మరి తగ్గుతోంది కదా" అంటారు. ఎందుకు తగ్గినట్టు కనిపిస్తుందో చెబుతాను. మొదటిది, బెణుకులూ కండరాల నొప్పులూ చాలావరకు వాటంతటవే వారం పది రోజుల్లో సర్దుకుంటాయి. రెండవది, వాత పెట్టిన పశువును కాడికి కట్టరు. దానికి దొరికిన అసలు మందు ఆ విశ్రాంతే. కీర్తి మాత్రం ఇనుప కడ్డీకి పోతుంది. మూడవది, కొత్త మంట పాత నొప్పిని కొంతసేపు కప్పేస్తుంది. నాల్గవది, చూసేవారి ఆశ.

ఈ నాల్గవదాన్ని తేలికగా తీసుకోకండి. కీళ్ళనొప్పులున్న కుక్కల మీద జరిగిన ఒక మందు ప్రయోగంలో, అసలు మందు లేని ఉత్తుత్తి మాత్ర పొందిన కుక్కలను అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పశువైద్యులు విడిగా పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. కుక్క కాలు నేలపై మోపే బలాన్ని యంత్రంతో కొలిచారు. యంత్రంలో ఏ మెరుగూ కనిపించకపోయినా కుంటు తగ్గిందని యజమానులు చెప్పిన సందర్భాలు ఎన్నో. పరీక్షించిన పశువైద్యులు కూడా అలాగే పొరబడ్డారు. ప్రేమ ఉన్నచోట కన్ను మోసపోతుంది. "నా కళ్ళతో చూశాను" అన్నది అందుకే రుజువు కాదు.

వాత నుండి తప్పకుండా వచ్చేవి మూడు: కాలిన పుండు, ఆ పుండులో చేరే చీము లేదా పురుగులు, మనిషిని చూస్తే బెదిరే పశువు. ధనుర్వాతం వచ్చే అవకాశం దీనికి అదనం. అనవసరమైన బాధ కలిగించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. జబ్బును గుర్తించకుండా పెట్టిన వాత అవసరమైనదని ఎవరు నిరూపించగలరు?

మరో సంగతి. బ్రెజిల్ దేశంలో విస్తారంగా పెంచే పశుజాతి పేరు నెలూర్. అది మన నెల్లూరు పేరే. ఇక్కడినుండి వెళ్ళిన ఒంగోలు జాతి పశువుల సంతతి అది. 1904లో విడిపోయేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. ఖండాంతరాల్లో మన జిల్లా పేరు మోస్తున్న పశువు సొంత ఊళ్ళో కాల్చిన కడ్డీకి బెదరవలసి రావడం మనకు గౌరవం కాదు.

మనుషుల మాత్ర, జంతువుల ప్రాణం

వాతను ఖండించగానే కొందరు సంతోషించి, "మేము సైన్సు మాత్రమే నమ్ముతాం" అంటూ ఇంట్లోని మాత్రల డబ్బా తెరుస్తారు. వారికీ ఇంతే గట్టిగా చెప్పాలి. పారాసెటమాల్‌ను విరిచి విసర్జించే శక్తి పిల్లి కాలేయానికి బహు స్వల్పం. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పెద్ద పిల్లిని చంపగలదు. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల్లో జీర్ణాశయానికి పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. "చిన్న ముక్కే కదా ఇచ్చింది" అనడం కుదరదు. బరువును బట్టి మోతాదు తగ్గించినంత మాత్రాన పిల్లి చిన్న మనిషి అయిపోదు.

డైక్లోఫెనాక్ కథ తెలుగు పాఠకులందరూ తెలుసుకోవలసినది. చవకగా దొరికే ఈ నొప్పి మందును 1990ల నుండి దేశమంతటా పశువులకు విచ్చలవిడిగా పొడిచారు. మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి కుప్పలుగా రాలిపోయాయి. కారణం ఇదేనని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో రుజువు చేసింది. 1992తో పోలిస్తే 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయని లెక్క తేలింది. ప్రభుత్వం 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని ఆపమని ఆదేశించింది, 2008లో నిషేధాన్ని గెజెట్ ద్వారా బిగించింది. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు పోతూనే ఉండటంతో 2015లో ఇంజెక్షన్ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను, ఆ తరువాత నిమెసులైడ్‌ను కూడా పశువులకు నిషేధించింది.

రాబందులు పోతే మనకేమి అంటారా? కళేబరాలు ఊరి బయట కుళ్ళాయి, వాటిని తినే కుక్కలు పెరిగాయి, నీళ్ళు కలుషితమయ్యాయి. రాబందుల లోటు వల్ల 2000 నుండి 2005 వరకు ఐదేళ్ళలో దేశంలో సుమారు 5 లక్షల అదనపు మానవ మరణాలు సంభవించి ఉంటాయని 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఇద్దరు ఆర్థికవేత్తలు అంచనా వేశారు. అది అంచనాయే, కాని దాని దిశ స్పష్టం. ఎద్దు నొప్పికి ఆలోచించకుండా వేసిన సూది మనిషి ఇంటి దాకా వచ్చింది.

విచిత్రమేమంటే, ఆ నొప్పికి సురక్షితమైన మందు ఉంది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని 2006 నాటికే పరీక్షించి తేల్చారు. పశువైద్యుడు పశువు జాతిని, బరువును, మూత్రపిండాల స్థితిని, చూలు ఉందో లేదో చూసి రాసే మందు అది. నిషిద్ధమైన మందును దొంగచాటుగా పొడిపించుకోవడానికి అందుబాటు ఒక సాకు కాజాలదు.

కలపడంలోనే మరో ఉచ్చు ఉంది. సైకిలు మీద వచ్చి సూది వేసి పోయే వ్యక్తి ఏమి వేశాడో మీకు చెప్పడు. అది తరచుగా డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ అయి ఉంటుంది. పశువు ఆ పూటకు లేచి నిలబడుతుంది. ఆయన పేరు ఊరంతా మోగుతుంది. మర్నాడు పశువైద్యుడు ఆ సంగతి తెలియక మెలాక్సికామ్ వేస్తే, రెండూ కలిసి జీర్ణాశయాన్ని చిల్లు పొడిచేంత ప్రమాదం తేగలవు. నిండు చూలు ఆవుకు ఆ స్టెరాయిడే ఈచుకుపోయేలా చేయగలదు. మనుషుల కీళ్ళనొప్పులకు "పూర్తిగా మూలికలతో చేసినది" అని అమ్మిన పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన ఉదంతాలు అనేకం. పశువుల పొట్లాలు అంతకంటే పవిత్రమైనవని నమ్మడానికి కారణమేమీ లేదు. ఏమి కలుపుతున్నారో తెలియనప్పుడు దాన్ని సమ్మిళిత వైద్యం అనకూడదు.

మూలికకూ పరీక్ష ఉండాలి

ఉదయగిరి కొండ మూలికలకు పేరు పొందినది. వెలిగొండల వాలుల్లో పెరిగిన కాపరికి చెట్టు చేమల గురించి ఉన్న తెలివిడి పట్టణపు డాక్టరుకు ఉండదు. ఆ జ్ఞానాన్ని నేను తక్కువ చేయను. పెరటి చెట్టు మందుకు రాదని చిన్నచూపు చూసే ఆధునికులతో నాకు పేచీ ఉంది. అయితే పెరటి చెట్టు కాబట్టే మందు అని నమ్మేవారితోనూ అంతే పేచీ ఉంది.

వెల్లుల్లి, ఉల్లి మనకు పథ్యం. కుక్కకూ పిల్లికీ అవి ఎర్ర రక్తకణాలను పగలగొట్టే పదార్థాలు. "వాతానికి మంచిది" అని వెల్లుల్లి ముద్దలు రోజూ మింగించడం నెమ్మదిగా రక్తహీనత తేవడమే. కర్పూరం కలిసిన తైలాన్ని పిల్లి ఒంటికి రాస్తే అది నాకి మింగుతుంది, మూర్ఛ రావచ్చు. పుండులో పురుగులు పడితే పెట్రోలు, ఫినాయిలు పోయడం పురుగులతోపాటు పచ్చి మాంసాన్నీ కాల్చడమే. పుండు మీద కారం చల్లడానికీ దీనికీ తేడా లేదు.

సంప్రదాయ చికిత్స పరీక్షకు నిలబడితే ఎలా ఉంటుందో కూడా మన దేశమే చూపించింది. పొదుగువాపుకు జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రచారం చేస్తున్న సంప్రదాయ పశువైద్య పద్ధతి ఉంది: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు. ముద్దగా నూరి, పాలు పిండేసి కడిగిన పొదుగుకు నీళ్ళతో పలుచన చేసి రోజుకు అనేకసార్లు పూస్తారు. ఇక్కడ గమనించవలసినది ఏమిటి? జబ్బు పేరు ఉంది. గ్రాముల్లో మోతాదు ఉంది. పదార్థాలు బహిరంగం. ఫలితాన్ని ఎవరైనా కొలవవచ్చు. "నా తాత చెప్పిన రహస్యం, బయటికి చెబితే పనిచేయదు" అనే మాట దీనిలో లేదు. మందుకు రహస్యం శత్రువు.

ఆ పూత ఉన్నంత మాత్రాన వైద్యుణ్ణి మానుకోకూడదు. జ్వరం ఉన్నా, పశువు మేత మానినా, పాలలో రక్తమో చీమో పడుతున్నా వెంటనే పశువైద్యుడు చూడాలి, నొప్పికీ వాపుకూ తగిన మందు వేయాలి. పూతా మందూ ఒకదాన్ని ఒకటి అడ్డుకోవు. కలయిక అన్నమాటకు అర్థం ఇదే.

పశువైద్యులకు ఒక మాట

పశువైద్య విద్యను గౌరవిస్తూనే ఒక ఫిర్యాదు చేస్తాను. జనం నాటువైద్యుడి వైపు పోవడానికి కారణం మూఢత్వం ఒక్కటే కాదు. ఒకే సూదితో అన్నిటికీ జవాబు చెప్పి, పశువును తాకకుండానే పంపే తీరు కూడా కారణమే. నాటువైద్యుడు పశువు చుట్టూ తిరుగుతాడు, నిమురుతాడు, యజమాని మాట వింటాడు. ఆ ఓపిక చదువుకున్నవారు అతని దగ్గర నేర్చుకోవాలి. కొమ్ము తీసేటప్పుడు, కోడెకు వృషణాలు నొక్కేటప్పుడు లిగ్నోకెయిన్ వంటి చవకైన మత్తుమందు ఇవ్వకుండా నలుగురితో పట్టించి పని ముగించడం ఇంకా ఎందుకు సాగాలి? నొప్పిని పుట్టించి దాన్ని పట్టించుకోని వైద్యం వాతను ఖండించే అర్హత కోల్పోతుంది. ఏ మందు వేశారో చీటీ మీద రాయడం, ఎన్ని రోజులు పాలు వాడకూడదో చెప్పడం మర్యాద కోసం కాదు, వృత్తి ధర్మం.

కలిపితే ఇలా కలపాలి

పదేళ్ళు దాటిన కుక్క ఉదయం లేవలేక మూలుగుతోంది అనుకుందాం. మొదటి మెట్టు నొప్పికి కారణం కనుక్కోవడం: కీళ్ళా, వెన్నెముకా, గోమార్ల వల్ల వచ్చిన జ్వరమా, దంతమా. రెండవ మెట్టు పశువైద్యుడు బరువు చూసి రాసిన నొప్పి మందు, దానికి ముందు వీలైతే రక్తపరీక్ష. మూడవ మెట్టు బరువు తగ్గించడం. 48 లాబ్రడార్ కుక్కల మీద వాటి జీవితకాలమంతా సాగి 2002లో ఫలితాలు వెలువడిన పరిశోధనలో, 25 శాతం తక్కువ తిండి తిన్న కుక్కలు తోటివాటికంటే సుమారు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ జబ్బు వాటికి ఆలస్యంగా వచ్చింది. మనం ప్రేమ పేరిట పెట్టే పెరుగన్నమూ బిస్కెట్టూ కీళ్ళ మీద పడే బరువే. ఏ మూలికా దీనికి సాటి రాదు.

నాల్గవ మెట్టులో మందులు కాని చికిత్సలు వస్తాయి. నున్నటి బండల మీద జారకుండా గోనెపట్టాలు, మెత్తటి పడక, పాత బిగుసుకు ఎండతగిలే వేడి నీటి కాపడం, కొత్త దెబ్బకు మొదటి రెండు రోజులు చల్లని కాపడం, నెమ్మదిగా కీలు ఆడించడం, రోజూ కొద్దిపాటి నడక. చేపనూనెలోని ఒమేగా-3 కుక్కల కీళ్ళనొప్పుల్లో కొంత మేలు చేస్తుందని ఆధారాలున్నాయి. ఆక్యుపంక్చర్‌కు ఆధారాలు పరిమితం. శిక్షణ పొందిన పశువైద్యుడు ఇతర చికిత్సలకు తోడుగా చేస్తే నాకు అభ్యంతరం లేదు, వాటికి బదులుగా చేస్తేనే అభ్యంతరం.

గేదెకూ ఎద్దుకూ ఇదే సూత్రం. గిట్టలు వేళకు చెక్కించడం, పడుకునేచోట ఎండుగడ్డి, కాడి పుండు మానేదాకా కాడికి కట్టకపోవడం, తడి లేని కొట్టం. వీటికి పెద్ద పేర్లు లేవు కాబట్టి ఎవరూ ప్రచారం చేయరు. నొప్పిలో సగం తగ్గేది వీటితోనే. ఐదవ మెట్టు లెక్క రాయడం: ఈ రోజు ఎన్నిసార్లు లేచింది, ఎంత మేసింది, నెమరు వేసిందా. ఆశపడిన కన్ను చేసే మోసాన్ని ఒక చిన్న నోటుపుస్తకం పట్టిస్తుంది. ఆరవది అన్నిటికంటే ముఖ్యం: నాటుమందు ఇస్తే ఆ సంగతి పశువైద్యుడికి దాచకుండా చెప్పడం. అడగకపోయినా చెప్పండి. తిట్టినా చెప్పండి.

"డాక్టరు దొరకడు" అన్న జవాబు

దూరం నిజమే. మెట్ట పల్లెల నుండి ఆసుపత్రికి పశువును తోలుకుపోవడం తేలిక కాదు, కుంటే పశువునైతే అసలే కాదు. కాని ఇరవై ఏళ్ళ కిందటి జవాబు ఇవాళ పూర్తిగా చెల్లదు. 1962 నంబరుకు ఫోను చేస్తే ఇంటి దగ్గరికి వచ్చే సంచార పశువైద్య వాహనాలు రాష్ట్రంలో 2022 మేలో మొదలయ్యాయి. మొదటి విడతలో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 వాహనాలు. ఉదయగిరీ ఆత్మకూరూ అందులోనివే. ఆ బండి వేళకు రాకపోతే అడగండి, అర్జీ పెట్టండి, గ్రామసభలో నిలదీయండి. రోడ్డుకోసం, నీళ్ళకోసం చేసే గొడవలో పదోవంతు దీనికోసం చేస్తే వ్యవస్థ కదులుతుంది. మనం అడగనిది మనకు రాదు, వాత మాత్రం అడగకుండానే దొరుకుతుంది.

చట్టం కూడా మన వైపే ఉంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యుడే వైద్యం చేయాలి. ప్రాథమిక సేవలు చేసే సిబ్బంది వైద్యుడి పర్యవేక్షణలో పనిచేయాలి. మందుల దుకాణదారులకు నా విన్నపం: పశువుకని చెప్పి మనుషుల నొప్పి మందు అడిగితే చేతులు జోడించి లేదనండి. ఆ చీటీ లేని అమ్మకంలో మీకు మిగిలే పది రూపాయలు పోయిన పాడి గేదె విలువకు సరితూగవు.

ఖర్చు మాట కూడా ఎత్తుతారు. లెక్క వేసి చూడండి. నాటువైద్యుడికి ఇచ్చింది, సూది వేసినవాడికి ఇచ్చింది, పొట్లాలకు పెట్టింది, పశువు పని ఆగిన రోజులు, ఆరిపోయిన పాలు కలిపితే ఎంతో తేలుతుంది. పేదవాడికి చవకైన వైద్యం కావాలన్నది న్యాయమే. పనిచేయని వైద్యం ఎంత చవకైనా పేదవాడికి అది ఖరీదైనదే, ఎందుకంటే అతనికి రెండో గేదె లేదు.

పాఠకులారా, మీ కొట్టంలోనో, వసారాలోనో ఈ రాత్రి ఒక జీవి నొప్పితో ఉండవచ్చు. దానికి అల్లోపతీ తెలియదు, ఆయుర్వేదమూ తెలియదు. ఏ వైద్యం గెలిచిందన్న మన పంతంతో దానికి పని లేదు. కడ్డీ కాల్చే ముందు, మాత్ర విరిచే ముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి: ఏ జబ్బుకు, ఎంత, ఏమి హాని. జవాబు తెలిసినవారిని పిలవండి. తెలియనివారు ఎంత దగ్గరివారైనా, ఎంత పేరున్నవారైనా, వారి చెయ్యి పట్టి ఆపండి.